ఓబులేసు పేరున ఎర్రదీపం

ఓబులేసు పెద్దపేగులో మూడోసారీ ఏమీ దొరకలేదు. కొలనోస్కోపీ గదిలోంచి బయటికొచ్చిన డాక్టరు అతని అక్కాబావలను నిలదీసింది.

"మీ ఇంటి కమోడ్ ఏడాదిగా ఇతని పేరున రక్తం చూపిస్తోంది. అది ఇతని రక్తం కాదు. మరి ఎవరిది?"

ఇప్పుడు ఏ ఇంట్లోనైనా పేరు చెప్పాకే కమోడ్ మీద కూర్చోవాలి. మలంలో రక్తముండి ఎర్రదీపం వెలిగితే ఆ పేరుకే కొలనోస్కోపీ తేదీ పడుతుంది.

అక్క నాగరత్న చూపు మొగుడి నడుం మీద పడింది. చిక్కిపోయిన ఆ నడుముకు బిగించడానికి బెల్టుకు మూడు కొత్త చిల్లులు పొడిచాడు.

"వాని పేరు చెప్పి కూర్చుంటాంటివా?"

"వానికి ఆ గొట్టమంటే భయం లేదు గదా," గొణిగాడు తిరుపాలు. "పంట కోతలైనాక నేనే చూపించుకుందామనుకుంటి."

"రెండు కోతలైపాయ గదయ్యా!"

డాక్టరు కొత్త కాగితం తీసింది. "పేరు?"

తిరుపాలు బెల్టు పైకి లాక్కున్నాడు.

"నా మొగుడు తిరుపాలు పేరు రాయమ్మా," అంది నాగరత్న.