డబ్బా లేని కంప్యూటర్

అటక మీద బిస్కెట్ల డబ్బా ఉంది. డబ్బాలో బోర్డు లేదు.

వాసుదేవ్ నిచ్చెన మీద నిలబడి డబ్బాను బోర్లించి చూశాడు. బిస్కెట్ల పొడి రాలింది తప్ప ఇంకేం రాలేదు. కింద నుంచి నాయన కేశవయ్య కేకేశాడు.

"ఏం వెతుకుతాండావురా ఆడ? పండగ పూట దుమ్మంతా కిందేస్తాండావు."

"ఈ డబ్బాలోది ఏమన్నా తీసినావా నాయనా?"

"నిన్న అంగడంతా కడిగిస్తి గదా. పనికిరానివన్నీ పాత సామాన్లు కొనేటోనికి ఏస్తి. దిగు, తక్కెడ తోమాల."

వాసుదేవ్‌కు ఖాళీ డబ్బాతో కిందికి దిగక తప్పలేదు.

అది అరచేతిలో పట్టే కంప్యూటర్. ఆ ఏడాదే కొత్తగా వచ్చింది. పైన డబ్బా లేదు, ముందు తెర లేదు, ఒట్టి పచ్చ పలక మీద నల్ల చిప్పులు. చవగ్గా వస్తోందని బెంగుళూరు నుంచి తెప్పించుకుని, పొలంలో బోరు మోటారును ఇంట్లోంచే ఆడించేలా ప్రోగ్రాం రాసుకున్నాడు. ఇవాళ కర్నూల్లో స్నేహితుడు భూపేష్ ఇంట్లో దాన్ని చూపించాలి. బెంగుళూరు కంపెనీ ఆయనొకడు పండక్కి కర్నూల్లో అత్తగారింటికి వచ్చాడు. పని నచ్చితే ఉద్యోగమిస్తానన్నాడు. నచ్చకపోతే వాసుదేవ్‌కు జన్మంతా నందికొట్కూరులో ఈ కిరాణా అంగడే, ఈ గల్లాపెట్టే, ఈ మిరపకాయల ఘాటే.

ఈ సంగతి నాయనకు చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా ఆయన "ఆ మూట తూకం చూడు" అనేవాడు. అక్కడితో ఆ సంగతి పక్కకు పోయేది.

ఆ ఇంట్లో ఆయుధ పూజకో పద్ధతి ఉంది. పీట మీద నడుమ పెట్టేది ఇంటి కొడుకు బతుకుదెరువు. మిగతా పనిముట్లు పక్కన. వాసుదేవ్ పుట్టినప్పటి నుంచి నడుమ తక్కెడే. ఏటా చింతపండుతో దాన్ని తోమేదీ అతనే. ఖైదీ చేత సంకెళ్లకు మెరుగు పెట్టించినట్టుండేది.

తోముతుండగా ఫోన్ మోగింది.

"ఏమప్పా, బయల్దేరినావా?" భూపేష్.

"బోర్డు పోయిందప్పా. మా నాయన పాత సామాన్లోనికి ఏసినాడు."

"అయ్యో! సారు మధ్యాహ్నం దాకా ఉంటాడంట. ఇంట్లో యాడన్నా మిగిలిందేమో వెతుకు. ఈడ అందరూ దాని మీదే వాదులాడుకుంటాండారు."

వాదులాట కొత్తేం కాదు. పోయిన వారం వాసుదేవ్ గల్లా దగ్గర కూర్చుని, ఇంటర్నెట్లో జనం రాసిన అభిప్రాయాలన్నీ భూపేష్‌కు ఫోన్లో వినిపించాడు. "నీళ్ల చుక్క పడితే సచ్చిపోతాదంట. ఫ్యాను లేదు, మన ఎండకు ఉడికిపోతాదంట. కరెంటు ఎక్కువ తక్కువైతే కాలిపోతాదంట. ఒకాయనైతే ఇది పిల్లల బొమ్మ, దీన్ని నమ్ముకుంటే ఎవురూ బాగుపడరని రాసినాడు. నేను బాగుపడి చూపిస్తాప్పా!" అని గట్టిగా నవ్వాడు కూడా. పక్కనే నాయన బస్తాకు ఆనుకుని కునుకు తీస్తున్నాడు.

"తక్కెడ ఈడ పెట్టు. ఇంట్లో ఫ్రిజ్జు కింద స్టెబిలైజర్ ఉండాది, పట్టుకురా" అన్నాడు కేశవయ్య, ఫోన్ పెట్టేయగానే.

"పూజకు స్టెబిలైజర్ ఎందుకు నాయనా?"

"తెమ్మంటే తే."

తెచ్చాడు. టేబుల్ ఫ్యాను తెమ్మన్నాడు. అదీ తెచ్చాడు. ఈయనకు ఉక్కపోత, నాకు ఉరి అనుకున్నాడు. సగం దించిన షట్టర్ కింద నుంచి కర్నూలు బస్సు చక్రాలు కదిలిపోవడం కనిపించింది.

అమ్మ సుందరలక్ష్మి గంధం గిన్నె, కలశం పట్టుకొచ్చింది. కేశవయ్య చేయి అడ్డం పెట్టాడు.

"తడి గంధం వద్దు. పొడి కుంకుమ చాలు. కలశం దూరంగా పెట్టు. కాయ బయట కొడతా."

"ఇదేం పూజ? ఎన్నడన్నా ఉండాదా?"

"ఈ యేడు ఇంతే."

వాసుదేవ్‌కు ఓపిక చచ్చిపోయింది. పూజకు కూడా ఈయన మాటే. గంధానికీ కలశానికీ కూడా ఈయన తీర్పే.

"నేను పోవాల నాయనా" అన్నాడు.

"యాడికి?"

బయల్దేరే మనిషిని ఎవరూ అడగకూడని మాట. అడిగాక ఇక కదలకూడదు.

"యాడికీ ల్యా. ఇంక పోయి కూడా ఏం చేయాల? నా వస్తువు తీసి పారేస్తివి. ఒక్క మాట అడిగింటే ఏం పోయె?"

కేశవయ్య తెల్ల పంచె కప్పిన పీట వైపు తిరిగి అగరొత్తులు వెలిగించాడు.

"పూజ కాకుండా ఎవురూ గడప దాటరు. కండ్లు మూసుకుని దండం పెట్టుకో."

మూసుకున్నాడు. ఏడుపు వచ్చింది. రేపూ ఇక్కడే, ఎల్లుండీ ఇక్కడే. బయట టెంకాయ పగిలిన చప్పుడైంది. స్టెబిలైజర్ టక్కుమంది. పంచె లాగిన అలికిడి. ఫ్యాను తిరగసాగింది, కానీ గాలి ఎవరికీ తగల్లేదు.

"కండ్లు తెరువు" అన్నాడు నాయన.

ఫ్యాను మొహం పీట వైపు ఉంది. అతను తోమిన తక్కెడ ఈసారి పక్కకు జరిగి, గల్లాపెట్టె దగ్గర మెరుస్తోంది.

నడుమ, పొడి కుంకుమ బొట్టుతో, బోర్డు ఉంది.