గాడిద తలలో యుగళగీతం

"మామయ్యా, పోయిన నాటకం దొరికింది!" కాగితపు గాడిద తల తొడుక్కుని, సామాన్ల గదిలోంచి గంతులేస్తూ వచ్చాడు మేనల్లుడు. "లోపలంతా మీ చేతిరాతే!"

మామయ్య నోరు వెళ్ళబెట్టాడు. "నా పాటల నాటకాన్ని గాడిదను చేసిందెవరు?"

"నేనే," అంది అత్తయ్య. అందులో రాకుమారి వేషం ఆవిడదే. "ఆనాడు తెర లేచే వేళకి గాడిదకి తల లేదాయె, ఆ కాగితాలే అతికించి చేశాను. నాటకం మాకందరికీ నోటికొచ్చు."

"మరిప్పుడెవరికొచ్చు?"

"గాడిదకే!"

మేనల్లుడు లోపలినుంచే చదువుతూ పాడాడు: "రాకుమారీ, నన్ను మనిషిని చేస్తావా?"

"చేసేదాన్నే గానీ, నీ చెవులే ముద్దొస్తున్నాయిరా!" అత్తయ్య ఠక్కున అందుకుంది.

"నేనలా రాయలేదే!"

"అప్పటికప్పుడు నేనే కట్టి పాడాను. హాలంతా చప్పట్లు, గుర్తులేదూ?"

"అవి నా పాటకనుకున్నానే ఇన్నాళ్ళూ!"

మామయ్య ఫక్కున నవ్వి, జేబులోంచి కలం తీశాడు.

"తల వంచరా. చెవిలో జాగా ఉంటే మీ అత్తయ్య కట్టిందీ రాసేస్తాను."