దర్జీ కుర్చీ

"ఆ కుర్చీ మనకొద్దత్తయ్యా, పట్టుకెళ్లి ఇచ్చేయండి!" కోడలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తప్పుకో. ఇంటికొచ్చిన మనిషిని నేల మీద కూర్చోబెడతామా?" అత్త నెత్తి మీంచి కుర్చీ దించింది. అది వీధి చివరి దర్జీది. ఆ వీధి మొత్తానికీ కుర్చీ అంటే అదొక్కటే.

"ఆయనొచ్చేది చుట్టపు చూపుగా కాదు. మనకు తినడానికుందో లేదో తేల్చడానికి. ఉన్నదున్నట్టు చూడనివ్వండి."

"లేమి చూపించుకోవచ్చు. మర్యాద కూడా లేదని చూపించుకుంటామా?"

కోడలికి ఒళ్లు మండింది. నెలనెలా లారీలో వచ్చే గోధుమలతోనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. అవి ఆగితే చంకలో పిల్లకు జావ కూడా ఉండదు. మర్యాద వండుకు తింటామా అన్న మాట నోటిదాకా వచ్చింది. అంతలో అధికారి రానే వచ్చాడు.

ప్రపంచ దేశాలన్నీ కలిసి పెట్టుకున్న ఆహార సంస్థ పంపిన మనిషి. నెరిసిన జుట్టు, దుమ్ము కొట్టుకుపోయిన బూట్లు. కుర్చీలో కూర్చున్నాడు, ఖాళీ డబ్బాల్లోకి తొంగి చూశాడు, పిల్ల బుగ్గ తట్టాడు, ఫోన్‌లో ఏదో నొక్కి లేచాడు. ఆయన ముందు గుమ్మం దాటేలోపే కుర్చీ వెనకదారిన పక్కింటికి చేరింది. అక్కణ్ణుంచి ఆ తర్వాతి ఇంటికి. వీధి వీధంతా ఒక్క మాట మీద నడిచింది. అంతటి ఐకమత్యం కొళాయి దగ్గర ఏనాడూ కనపడలేదు.

అన్ని ఇళ్లూ అయ్యాక ఆయన వీధి మధ్యలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మా సంస్థను సంస్కరించారు. దేశానికో లెక్కయితే గొడవలొస్తున్నాయని ప్రపంచమంతటికీ ఒకటే కొలత పెట్టారు. ఇంట్లో కుర్చీ ఉంటే ఆ కుటుంబం పేదరికం దాటినట్టే. ఈ వీధిలో అందరూ దాటేశారు. వచ్చే నెల నుంచి లారీ రాదు."

దరిద్రుడు తల కడగబోతే వడగళ్ల వాన పడ్డట్టయింది. చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే ప్రాణాలే పోతాయి. "వద్దే" అంటూ అత్త కోడలి చెయ్యి పట్టుకుంది. కోడలు విదిలించుకుని ముందుకొచ్చింది.

"అయ్యా, కుర్చీ మాది కాదు. దర్జీది. మీరు ఇంటింటా కూర్చున్నది ఆ ఒక్క కుర్చీలోనే. మీకు నేల గతి పట్టకూడదని వెనకదారిన మోసుకు తిరిగాం. కావాలంటే ఇప్పుడొచ్చి చూడండి, మా ఇళ్లల్లో ఇంకోటి కనిపిస్తే ఒట్టు!"

అత్త సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కోడలికి మాత్రం గుండె తేలికపడింది. నిజం తెలిశాక ఆయన దిద్దకుండా ఎలా ఉంటాడు?

అధికారి తల వంచుకున్నాడు.

"రెండో ఇంట్లోనే తెలిసిందమ్మా. కుర్చీ ఉందా అనే అడిగారు పైవాళ్లు, ఎవరిదని అడగలేదు."