పడని గొర్రెబొచ్చు

దేవరకొండ దవాఖానలో రక్తపరీక్ష కాగితాలు రాగానే నాగరాణి తనదే ముందు చదివించుకుంది.

"మీకు ఏ అలర్జీ లేదమ్మా. మీ తోటికోడలికే గొర్రెబొచ్చు పడదు. మంద దగ్గరికి పోవద్దు" అన్నాడు డాక్టరు.

నాగరాణి మొహం మాడిపోయింది. రెండేళ్లుగా గొర్రెల దొడ్డి ఊడ్చేది తనే. తుమ్ములని తోటికోడలు సుమన ఇంట్లోనే ఉంటోంది. తనకూ ఏదో ఒకటి తేలుతుందన్న ఆశతోనే పరీక్ష చేయించుకుంది.

"ఇగ నీకేం ఫికర్ చెల్లె! కాగితమే వచ్చె. నీడపట్టున కూసో" అంది పక్కనే ఉన్న సుమనతో.

సుమన కళ్లు తుడుచుకుంది. "మా బాపు మందల గొర్రెపిల్లలన్ని నా ఒళ్లెనే పెరిగినయి అక్కా. పొద్దుగాల నువ్వు వాటికి పాలు తాపుతుంటె, కిటికీలకెల్లి నిన్ను చూసి కుళ్లుకుంట."

తనను చూసి కుళ్లుకునేవాళ్లు ఉంటారని నాగరాణి ఏనాడూ అనుకోలేదు. మెల్లగా అడిగింది.

"మన మందల ఏ పిల్లంటె నీకు పానం?"