పలకని పేరు

అమ్మమ్మ చనిపోయాక పెట్టిన ఆదరణ కూడికకు వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. హూడిలోని హరిణి ఫ్లాట్‌లో అమ్మమ్మ ఫోటో ముందు ఆమె పాత శిష్యుడు దేవదానం ఒక్కడే మిగిలాడు.

“ఆఖర్లో టీచరమ్మ ఏమన్నా మాట్లాడిందా పాపా?”

“రోజూ హాజరు పిలిచేది అంకుల్. ఎవరూ పలక్కపోతే కంగారుపడేది. అందుకని నేనే ‘ప్రెజెంట్ టీచర్’ అనేదాన్ని,” అంది హరిణి.

ఆయన నవ్వాడు. “బడికైనా చర్చికైనా అంతే. పలకనోళ్ల ఇంటికి తానే వచ్చి, చెయ్యి పట్టుకోని తోడుకపోయేది. ఎవురెవుర్ని పిలిచింది?”

“యోబు, సలోమి, దీనమ్మ...”

దేవదానం టీ గ్లాసు కింద పెట్టాడు. “అందరూ నా క్లాసోళ్లే. ఒక్కరూ బతికి లేరు పాపా. నేనొక్కడినే ఉండాను.”

హరిణి ఆ గ్లాసు తీసి ట్రేలో పెట్టింది.

“నా పేరు పిలిచిందా?”

“లేదంకుల్.”

ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, చెప్పులేసుకుని లిఫ్టు వైపు నడిచాడు.

పిలిచింది. చివరి మధ్యాహ్నమంతా ఆ ఒక్క పేరే, ప్రాణం పోయేదాకా పిలిచింది. పక్కగదిలో ఆఫీసు కాల్‌లో ఉన్న హరిణి, కాసేపాగి పలుకుదాంలే అనుకుంది.