కనుబొమల దాకా

ఫోటో కనుబొమల దాకా వచ్చేసరికి ఫోను లైను మళ్ళీ తెగిపోయింది.

"నాలుగోసారి," అంది ఆ ఇంటి కోడలు, తెర మీద నుంచి చూపు తిప్పకుండా. "విసుక్కోకు అన్నయ్యా, ఇంకొక్కసారి చూడు."

కంప్యూటర్ మెకానిక్ విసుక్కోలేదు. అతనికి పంతం పట్టుకుంది.

పడవ మునిగి తొమ్మిది రోజులైంది. సరుకు కొనడానికి ఆమె భర్త ఎక్కింది ఆ పడవే. ఏటి దిగువన ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవం ఫోటోను అక్కడి ఆసుపత్రివాళ్ళు మెయిల్లో పంపారు, మీవాడో కాదో చూసుకోమని. ఆ ఫోటో పైనుంచి కిందికి ఒక్కొక్క గీతే తెరుచుకుంటోంది. జుట్టు, నుదురు, కనుబొమలు. అంతే, అక్కడ లైను పోతుంది. మళ్ళీ మోడెమ్ కీచుమని, గరగరమని, మళ్ళీ జుట్టు దగ్గర్నుంచి మొదలు.

ఆ నుదురు అంత వెడల్పేమిటి, ఆయనది కానే కాదంది. ముక్కు కనిపిస్తే చాలు, నిక్కచ్చిగా చెప్పేస్తానంది. ఆ మాట కూడా నాలుగోసారే.

మెకానిక్ లెక్కలో లోపం మూడు చోట్లే ఉండాలి. మోడెమ్, తీగ, బయటి లైను. తను తెచ్చిన మోడెమ్ పెట్టి చూశాడు. తీగ మార్చాడు. ఫోను ఎత్తి విన్నాడు. లైను శుభ్రంగానే ఉంది, చిన్న గరగర కూడా లేదు. వేగం ఎటూ నత్తనడకే, కానీ నత్తయినా నడుస్తూనే ఉండాలి కదా, ఇలా మధ్యలో చచ్చిపోవడమేమిటని తలగోక్కున్నాడు.

మామగారు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. తాళ్ళ కొట్టు షావుకారు. మొత్తం ఫోటో రావడానికి ఎంతసేపు పడుతుందని అడిగాడు. లైను నిలిస్తే ఏడు నిమిషాలన్నాడు మెకానిక్. సరుకు ధర విన్నట్టు తల పంకించి, పైన పనుందంటూ మెట్లెక్కి వెళ్ళిపోయాడాయన.

ఆయన గురించి వీధిలో విన్నది మెకానిక్‌కు గుర్తొచ్చింది. కొడుకు జాడ తెలియకపోయినా ఒక్కరోజు మించి కొట్టు మూయలేదట. ఈ పూట కూడా పొద్దున్నే వెళ్ళి తాళం తీసొచ్చాడట. గుండె కాదు, తూకంరాయి అంటున్నారు.

అయిదోసారి కలిపారు. జుట్టు వచ్చింది. నుదురు వచ్చింది. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు మెకానిక్. సరిగ్గా నాలుగో నిమిషంలో, కనుబొమల దగ్గర, పుటుక్కున పోయింది.

అతనికి వెలిగింది. పాడైన వస్తువుకు వేళాపాళా ఉండదు. ఇంత కచ్చితంగా చెడగొట్టేది మనిషొక్కడే.

"ఈ లైను మీద ఇంకో ఫోను ఉందా చెల్లెమ్మా?"

"పైన మామయ్య గదిలో ఉంది. ఎత్తితే ఇక్కడ లైను తెగుతుందని, ఎత్తొద్దని చెప్పాను. ఆయన ఎత్తరు."

మెకానిక్ ఆరోసారి కలిపి, తెర చూస్తూ ఉండమని ఆమెకు చెప్పి, అడుగుల చప్పుడు కాకుండా మెట్లెక్కాడు.

తలుపు ఓరగా ఉంది. షావుకారు మంచం అంచున కూర్చున్నాడు. చేతి గడియారం విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు. కాసేపు దాన్నే చూశాడు. తర్వాత పక్కనున్న ఫోను ఎత్తి చెవికి ఆనించుకున్నాడు.

"మళ్ళీ పోయింది అన్నయ్యా," అని కింది నుంచి వినబడింది.

మెకానిక్‌కు ఒళ్ళు మండిపోయింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

"కొట్టు బేరాలు ఒక్క పూట ఆగవా షావుకారుగారూ? కింద ఆ పిల్ల ప్రాణాలు కళ్ళలో పెట్టుకుని కూర్చుంది. మీకసలు మనసనేది ఉందా?"

షావుకారు ఫోను దించలేదు. అందులో ఎవరి గొంతూ లేదు. తెగిన మోడెమ్ బుసబుసలాడుతోంది, అంతే.

ముసలాయన తలుపు దగ్గరగా వేయమన్నట్టు సైగ చేశాడు. మాట కిందికి పోకుండా గొంతు తగ్గించాడు.

"ఆ ఫోటో పొద్దున బజారులో నెట్ సెంటర్లో మొత్తం చూసే వచ్చాను నాయనా. సాయంత్రం బండికి కోడలి తల్లి దిగుతుంది. అందాకా, ఆ పిల్ల కూలబడితే ఒళ్ళోకి తీసుకోడానికి ఈ ఇంట్లో ఆడదిక్కు లేదు."