మంగళవారం పిలుపు

పొగమంచులో ఎవరో "మంగ్లీ" అని పిలిచారు.

రాజకుమారి తలుపు తీసింది.

ఎవరో ముసలమ్మ కంచె దాటి వచ్చి, గుమ్మం ముందున్న లిల్లీ దుబ్బు దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. నిన్న పూసి వాడిపోయిన పువ్వును గిల్లి కొంగున ముడేసుకుంది. ఇవాళ విచ్చిన పువ్వు మీదకు వంగి, పిల్లను నిద్ర లేపుతున్నట్టు మెల్లగా మళ్ళీ పిలిచింది.

"మంగ్లీ."

ఆ క్వార్టర్‌లో ఉండేది రాజకుమారి, ఆమె భర్త బాలాజీ. కాఫీ తోటల ఉద్యోగం మీద అతను నెల రోజుల క్యాంపుకు గూడెం కొత్తవీధి వెళ్ళాడు.

"ఎవరు కావాలమ్మా?"

ముసలమ్మ ఆమె ముఖం చూడలేదు. కడుపు చూసింది. బోసినోటితో నవ్వింది.

"వత్తంది. దగ్గిరికొచ్చేసింది."

లేచి మంచులో కలిసిపోయింది.

రాజకుమారికి అది ఐదో నెల.

తొలి కాన్పు నిరుడు వానల్లో, ఈ ఇంట్లోనే అయింది. ఘాట్ రోడ్డు మీద కొండచరియ పడి జీపు రాలేదు. పుట్టిన ఆడపిల్ల మధ్యాహ్నం దాకా కూడా ఉండలేదట. నొప్పులప్పటి నుంచే ఒళ్ళు తెలియని జ్వరంలో ఉన్న రాజకుమారికి తెలివి వచ్చింది విశాఖ ఆస్పత్రిలోనే. పిల్లను ఎక్కడ పెట్టారో ఆమె అడగలేదు. బాలాజీ చెప్పలేదు.

ఈ బిడ్డయినా దక్కాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

మనసు మళ్ళించుకోవడానికే మొక్కలు పెంచింది. అనకాపల్లి నుంచి తెచ్చిన గులాబీలు, చామంతులు, మల్లె అంటు తొంభై తొమ్మిది జనవరి చలికి మాడిపోయాయి. నందివర్ధనం, గన్నేరు పొదలు మాత్రం ఆకు రాల్చి, మళ్ళీ చిగురు తొడిగాయి.

ఇంటి వెనక గట్టు మీద, నిలబెట్టిన రాయి పక్కన, ఈ లిల్లీ ఒక్క ఆకు కూడా వాడకుండా ఉంది. నారింజ రంగు పూలు. ఒక్కో పువ్వుకు ఒక్క రోజే ఆయుష్షు. మర్నాడు ఇంకోటి పూస్తుంది. బాలాజీ క్యాంపుకు వెళ్ళిన మర్నాడే రాజకుమారి దుబ్బునంతా వేళ్ళతో సహా తవ్వి తెచ్చి, గుమ్మం ముందు నాటుకుంది.

నీళ్ళు మోసే దేముడమ్మను అడిగింది.

"మంగ్లీ ఎవరు?"

"మంగళారం పుట్టిన గుంటలందరూ మంగ్లీలేనమ్మగోరూ. మా ఊర్లో నలుగురున్నారు. కేకేత్తే నలుగురూ వత్తారు. మా మనవరాలూ మంగ్లీయే. ఏం?"

రాజకుమారి జరిగింది చెప్పింది.

దేముడమ్మ బిందె కింద పెట్టింది.

"అది సోములమ్మ. కొండవతల నుంచొచ్చి ఒక్కత్తే ఉంటాది. దాని సంగతి ఎవులికీ తెల్దు. మీ కడుపేపు సూసిందా?"

"చూసింది."

"వాడిన పువ్వు అట్టుకెళ్ళిందా?"

"కొంగున కట్టుకుంది."

"ఇంక నాకేటీ సెప్పకండి," అని దేముడమ్మ గబగబా వెళ్ళిపోయింది.

మళ్ళీ మంగళవారం ముసలమ్మ వచ్చింది. మళ్ళీ పిలిచింది. ఆ సాయంత్రమే దేముడమ్మ మనవరాలికి వణుకుతో జ్వరం వచ్చింది.

మర్నాడు పదిమంది గుమ్మం ముందు నిలబడ్డారు. అందరూ చేతబడి, చిల్లంగి అంటున్నారు, గొంతు పెంచకుండా. పెద్దాయన పోతురాజు ముందుకొచ్చాడు.

"అమ్మగోరూ, ఆ ముసల్ది మంగ్లీ అని పిలిసిందా, లేదా? అదొక్కటి సెప్పండి."

రాజకుమారి కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"పిలిచింది."

కొట్టలేదు, తిట్టలేదు. సోములమ్మ పాక మీది గడ్డి లాగేసి, మూట చేతికిచ్చి ఊరు దాటమన్నారు.

వెళ్తూ వెళ్తూ సోములమ్మ కంచె దగ్గర ఆగింది.

"నువ్వు పిలు," అంది. "ఆపకు."

రాజకుమారి తలుపు గడియ వేసుకుంది.

నాలుగు రోజుల్లో దేముడమ్మ మనవరాలు లేచి కూర్చుంది. మలేరియా అన్నారు, మాత్రలు ఇచ్చారు.

"ఉప్మా సెయ్యమని పేణం తీసేత్తంది," అని దేముడమ్మ నవ్వింది. ముసలమ్మ ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

మంగళవారం వచ్చింది. పువ్వు విచ్చింది. పిలిచేవాళ్ళు రాలేదు.

వారం నుంచి కడుపులో చేపపిల్లలా కదులుతున్న బిడ్డ, ఆ పొద్దుటి నుంచి కదలలేదు.

మధ్యాహ్నం బాలాజీ వచ్చాడు. సంచీ భుజం మీద ఉండగానే లిల్లీ ముందు ఆగిపోయాడు.

"ఇదెక్కడిది?"

"వెనక గట్టు మీద, రాయి పక్కన ఉంటే తెచ్చాను. ఏమండీ?"

అతను సంచీ దించి మెట్టు మీద కూర్చున్నాడు.

"సోములమ్మ చూడలేదా?"

ఆ పేరు అతనికెలా తెలుసో రాజకుమారికి అంతుపట్టలేదు. ఒక్కటీ దాచకుండా అంతా చెప్పింది.

బాలాజీ కంచె అవతలి దారి వైపు చూశాడు.

"ఎటు వెళ్ళిందో చూశావా?"

"లేదు. తలుపు వేసుకున్నాను."

"నీకు తెలిస్తే తట్టుకోలేవని చెప్పలేదు," అన్నాడు, మట్టి వైపు చూస్తూ. "ఆ వానలో నిన్ను బతికించిన మంత్రసాని ఆవిడే రాజీ; ఆ రాయి కింద పడుకోబెట్టిన మన మంగళవారం పిల్లని, పక్కన ఈ లిల్లీ నాటి, మళ్ళీ నీ కడుపులోకే రమ్మని వారం వారం పిలుస్తోంది."